మంచె మీద పలికే ఊళ్ళు

88వ రోజు. మంచు పల్చన. గాలి తక్కువ.

పొద్దున్న ఇరవై నాలుగు బెల్టులు చూసి రెండు పక్కన పెట్టాను. ఒకదానికి తొడ పట్టీ దగ్గర కుట్టు వదిలింది. రెండోదాని కొక్కెం నాలుక పూర్తిగా మూసుకోవడం లేదు. వేలితో నొక్కితే మూసుకుంటుంది, వదిలితే గోరు మందం సందు ఉంటోంది. కింది ఆఫీసులో సూపర్‌వైజరు ఫణీంద్ర గారు "గోరు మందమే కదమ్మా" అన్నారు. అయితే ఇవాళ మీరే కట్టుకుని ఎక్కండి అన్నాను. నవ్వి, మధ్యాహ్నానికి రెండు కొత్తవి పంపారు.

టవరు ఇవాళ్టికి నలభై ఆరు మనిషి నిలువులు లేచింది. ఇంకో పద్నాలుగు నిలువులు లేపి, నాలుగు పక్కలా వలలు కట్టేస్తే మా పని అయిపోయినట్టే. ఆ వలలకు తగిలిన మంచు నీళ్ళై గొట్టాల్లోకి దిగుతుంది. కొండ కింద నాలుగు కాలనీల వాళ్ళు ఆ నీళ్ళే తాగాలి. సముద్రం లంకల మీదికి వచ్చిన దగ్గర నుంచి ఏట్లో నీళ్ళు ఉప్పే. ముప్పై మూడేళ్ళయింది.

పనివాళ్ళు నిలబడే మంచె టవరు చుట్టూ ఉంటుంది. మోటార్ల మీద దానంతటదే పైకి పాకుతుంది. నా కుర్చీ మాత్రం కింద ఇరవయ్యో నిలువు దగ్గర, పాకని చిన్న మంచె మీద. నా పక్కన లెక్కపెట్టె. పావుగంటకోసారి పెట్టె గంట కొడుతుంది. పైనున్న ఒక్కొక్కరూ గుండెల మీది మైకు బిళ్ళ నొక్కి పలకాలి. ఎవరైనా పలక్కపోతే పెట్టె మోటార్లు ఆపేస్తుంది. వాళ్ళు ఎక్కడున్నారో చూడాల్సింది నేను.

మొదటి వారం పెట్టె పేర్లు పెట్టి పిలిచేది. ఒక్కరూ పలకలేదు. వీళ్ళంతా లంకల్లో కొబ్బరి దింపులు తీసినవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు. చెట్టెక్కిన మనిషిని వీళ్ళు పేరు పెట్టి పిలవరు. పేరు వింటే మనిషి కిందికి చూస్తాడని భయం. పని ఉంటే మొదట్లో చెట్టు మీద తడతారు. ఫణీంద్ర గారు రోజుకు నాలుగు గంటల చొప్పున మంచె ఆగిపోతోందని తల పట్టుకున్నారు. పెట్టెకు ఎవరి గొంతయినా ఒకటే, మాట మాత్రం ఎవరిది వాళ్ళకు వేరుగా ఉండాలి, అది ఏ మాటైనా సరే అన్నారు. అలా అయితే ఊరు పేరు చెబుతాం అన్నారు వీళ్ళు. నేను ఒప్పుకున్నాను. ఆ వేళ వరసగా నిలబెట్టి ఇరవై రెండు ఊళ్ళు పెట్టెలో ఎక్కించాను. వాటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు.

అప్పటి నుంచి గంట కొట్టగానే మంచులోంచి ఊళ్ళు వినిపిస్తాయి. పొన్నచెట్లపాలెం. మొగలిమెరక. బల్లకట్టురేవు. కేతరాజులంక. పదకొండోది నడిమిలంక. అది మా ఊరు. చెప్పేది అమ్మిరాజు బాబాయ్. అరవై రెండేళ్ళ మనిషి, గొంతు మాత్రం ఇంకా గట్టిది.

నేను ఊరు వదిలేనాటికి పదకొండేళ్ళు. రేవులో పడవవాడు నీళ్ళ మీదికి వంగి "నడిమిలంక, నడిమిలంక" అని ఎక్కేవాళ్ళ కోసం అరుస్తుండేవాడు. ఆ మాట అలా గాలిలో విని ముప్పై మూడేళ్ళు. ఇప్పుడు రోజుకు ముప్పైసార్లు వింటున్నాను.

97వ రోజు. మధ్యాహ్నం దాకా మంచు.

కొత్త మనిషి వచ్చింది. ధనకుమారి, ఇరవై ఎనిమిదేళ్ళు. కాలనీలో పుట్టిన పిల్ల. వల ముడి చాలా వేగంగా వేస్తుంది. బెల్టు కట్టించి, నా మంచె అంచున నిలబెట్టి, రెండు కొక్కేల పద్ధతి పదిసార్లు చేయించాను. ఒకటి తగిలించాకే రెండోది తీయాలి. ఎనిమిదోసారి విసుక్కుంది.

"రెండూ ఒకేసారి తియ్యడానికి నాకేమన్నా పిచ్చా పిన్నీ?"

"పిచ్చి లేనివాళ్ళే తీస్తారు. ఇంకో రెండుసార్లు చెయ్యి."

చేసింది. సుత్తికి, కత్తికి తాళ్ళు కట్టి ఇచ్చాను. ఇక పలకడానికి ఏ ఊరు అని అడిగాను.

"నడిమిలంక" అంది.

మా ఊరు. వాళ్ళమ్మది ఆ ఊరట. పెట్టె ఒప్పుకోలేదు, ఆ మాట ముందే ఉంది. అమ్మిరాజు బాబాయ్‌ని కిందికి పిలిపించాను. ఇద్దరిలో ఒకరు ఇంకో మాట చెప్పుకోండి అన్నాను.

"మా అమ్మూరు వదిలేసి ఎవరూరో చెప్పనా?" అంది ధనం. "మావయ్యా, అసలు నడిమిలంకలో మీది ఏ వీధండీ?"

"వీధులెక్కడేడిశాయే లంకలో. ఎటు చూసినా బోదె కాలవలే, కొబ్బరి తోటలే. నీకేం తెలుసు, కొళాయి నీళ్ళు తాగి పుట్టినదానివి."

"పోనీ ఎవరి తోటలో దింపు తీశారో చెప్పండి, మా అమ్మనడుగుతా."

"అడుగడుగు. మీ అమ్మకు చెట్టు తెలుసు గానీ చెట్టెక్కినోడు తెలుస్తాడా?"

అటూ ఇటూ కాసేపు అనుకున్నారు. పని ఆగిపోతోంది. బిళ్ళ ఇంకా రానివాళ్ళను చేతి లెక్కలో రాసుకునే వీలు పెట్టెలో ఉంది. ధనాన్ని అందులో రాశాను. పెట్టె ఒక నడిమిలంకను లెక్కపెడుతుంది, రెండోది నేను చెవితో విని పెన్సిలుతో టిక్కు పెడతాను. ముసలాయన గొంతు, ఆ పిల్ల గొంతు తెలియకపోవడానికేం లేదు.

ఇంకో మాట ఇచ్చి పంపేయవలసింది. ఆ సంగతి నాకు తెలుసు.

104వ రోజు. ఎండ.

అమ్మిరాజు బాబాయ్ నడుముకు పాత కాళ్ళ తాడు వేలాడుతోంది. కొబ్బరిచెట్టు ఎక్కేటప్పుడు రెండు పాదాలకూ కలిపి వేసుకునే తాటినార ఉచ్చు. ఇక్కడ దాంతో పనేంటి, ఊడి కింద ఎవరి నెత్తిన పడితే ఎవరు జవాబు చెప్తారు అన్నాను.

"ఇది లేకపోతే మొలతాడు లేనట్టుంటదే అమ్మాయ్."

తీసేయమంటే తీయలేదు. చివరికి దానికి కూడా సుత్తికి కట్టినట్టే చిన్న తాడు కట్టి వదిలేశాను.

ఇప్పుడు ఇద్దరూ కావాలనే ఒకేసారి పలుకుతున్నారు. తూర్పు మూల నుంచి ఒకరు, పడమటి మూల నుంచి ఒకరు. ఎవరి గొంతు పెద్దదో చూసుకుంటున్నారు. మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఫణీంద్ర గారు కింద నుంచి ఫోను చేశారు.

"సత్యవేణి గారూ, మీ చేతి లెక్కలో వారం నుంచి ఒకే పేరు ఉంది. ఆ అమ్మాయికి బిళ్ళ వచ్చింది కదా?"

"వచ్చిందండి. మాట కలిసిపోయింది."

"అందరికీ నంబర్లు ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుందిగా."

"ఈ వల పని అయిపోనివ్వండి. మధ్యలో మారిస్తే తడబడతారు."

ఆయన సరే అన్నారు. అబద్ధమేమీ చెప్పలేదు గానీ, చెప్పింది అసలు కారణం కాదు. ఒక మాట రెండు గొంతుల్లో వచ్చిన తర్వాత మంచు కాసేపు దాన్ని పట్టుకుంటుంది. ఆ కాసేపటి కోసం నేను గంట వైపు చూస్తూ కూర్చుంటున్నాను.

109వ రోజు. చిక్కటి మంచు. నా కుర్చీ నుంచి మంచె అడుగు కనపడలేదు.

జరిగింది వరసగా రాస్తున్నాను.

పదిన్నర గంటకు ఇరవై రెండు ఊళ్ళూ పలికాయని పెట్టె చూపించింది. నడిమిలంక ఒక్కసారే వినపడింది. ఇద్దరూ కలిసి అన్నారనుకున్నాను. పెన్సిలుతో టిక్కు పెట్టాను.

పదీ నలభై అయిదుకు మళ్ళీ ఒక్కసారే. ఈసారి చెవి పెట్టి విన్నాను. ధనం గొంతు. పెట్టెకు మాట అందింది కాబట్టి మోటార్లు ఆగలేదు.

"ధ..." అని నాలుక కరుచుకున్నాను. బిళ్ళలన్నిటిలోనూ వినపడుతుంది. "నడిమిలంక పిల్లా, నువ్వేనా పలికింది?"

"ఆయ్, నేనే పిన్నీ."

"బాబాయ్ నీకు కనపడుతున్నాడా?"

"లేదు. పడమటి పక్క వల ముడేస్తానని ఎల్లాడు. ఇందాక కూడా ఆయన గొంతు వినపళ్ళేదు. బీడీ కాలుస్తన్నాడేమో అనుకున్నా."

పడమటి పక్కనున్న ఇద్దరిని అడిగాను. వల కట్టే గడల దాకా వెళ్ళాడు, తిరిగి రావడం చూడలేదు అన్నారు. మోటార్లు ఆపాను.

ఇక పేరు పెట్టి పిలవాలి. పైన ఇరవై ముగ్గురు. సగం మంది అంచుల దగ్గర. పేరు వినగానే ఎవరు ఎటు తిరుగుతారో తెలియదు. అందుకని ముందు చెప్పాను. అందరూ రెండు కొక్కేలూ తగిలించండి. పని వదిలి ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చోండి. కూర్చున్నాక ఊరు చెప్పండి. ఒక్కొక్క ఊరూ వచ్చేసరికి నిమిషం పైన పట్టింది. ఆ నిమిషం చాలా పెద్దది.

అప్పుడు పిలిచాను.

"సలాది అమ్మిరాజూ!"

 రెండోసారి బాబాయ్ అని కలిపి పిలిచాను. మంచె పైనుంచి కాదు, కింది నుంచి ఇనుము మీద మూడు దెబ్బలు వినపడ్డాయి. చెట్టు మొదట్లో తట్టినట్టు. ఆగి, మళ్ళీ మూడు.

పడమటివాళ్ళు చూస్తే ఆయన తాడు అంచు మీది నుంచి కిందికి బిగిసి ఉంది. మంచె పలకల కింద నిలువున్నర దిగువన వేలాడుతున్నాడు. బెల్టుతో మనిషి ఊరికే వేలాడితే తొడ పట్టీలు రక్తాన్ని కాళ్ళలోనే ఆపేస్తాయి. పావుగంట, ఇరవై నిమిషాలు దాటితే స్పృహ పోతుంది. ఆ తర్వాత ప్రాణం. పైకి లాగే తాడు ఎప్పుడూ మూలన సిద్ధంగా ఉండాలన్న రూలు ఇక్కడ నేనే పెట్టాను. అది మూలనే ఉంది. తేలికైన మనిషి దిగాలి.

"నేను దిగుతా" అంది ధనం.

"రెండు తాళ్ళు."

"తెలుసు పిన్నీ!"

దిగింది. కాసేపటికి మంచులోంచి ఆమె గొంతు. "ఉన్నాడు పిన్నీ. నిలబడున్నాడు!"

నిలబడడమేంటో నాకు అర్థం కాలేదు. పైకి తీసి, స్ట్రెచరు మీద నా మంచె దాకా దింపాక ధనం చెప్పింది. ఆ కాళ్ళ తాడు నడుము నుంచి తీసి, బెల్టు కొక్కేనికి వేసి, అందులో పాదాలు పెట్టి, మోకాళ్ళు చాపుతూ ముడుస్తూ నిలబడ్డాడు. పట్టీల మీద బరువు పడకుండా. ఎడమ కాలు ఉచ్చులోంచి జారిపోతే ఒంటి కాలి మీదే ఉన్నాడు. బిళ్ళ గడకు తగిలి ఎప్పుడో ఊడి పడిపోయింది. గుండె పట్టీ గొంతు దాకా వచ్చి అరుపు రాలేదు. మొత్తం ఇరవై మూడు నిమిషాలు.

ముఖం బూడిద రంగులో ఉంది. నన్ను చూసి పెదాలు కదిపాడు. వంగి విన్నాను.

"పేరెట్టి పిలిచేశావేంటే. కిందికి చూద్దామంటే... కిందే ఉన్నాను."

అక్కణ్ణించి కిందికి, ఆసుపత్రికి పంపాం. పని ఆపేశాం.

110వ రోజు. మంచు.

ఫణీంద్ర గారు పైకి వచ్చారు. ఆయనకు ఎత్తంటే భయం. కమ్మీ వదలకుండా నిలబడి, నా చిట్టా చదివారు. పదిన్నర దగ్గర ఆగారు.

"ఈ టిక్కు?"

"నేనే పెట్టానండి. వినకుండా పెట్టాను."

"వినపడిందనుకున్నారా?"

"వినాలని ఉండి పెట్టాను."

ఆయన చిట్టా మూసి ఇచ్చారు. తప్పు నాదని రాసి ఇచ్చాను. పని నుంచి తీసేస్తారేమో అనుకున్నాను. తీయలేదు. బెల్టులు చూసేవాళ్ళు ఇంకొకరు లేరు.

అమ్మిరాజు బాబాయ్ వల గడ మీద అడుగు పెట్టాడని తేలింది. కొబ్బరిమట్ట మొదట్లో కాలు పెట్టే అలవాటు. గడ గుండ్రంగా ఉంటుంది, మంచుకు నాచు పట్టి ఉంది. కొక్కెం తగిలించే ఉంది, అందుకే బతికాడు. గడల దగ్గర ఇంకో పలక వేయిస్తున్నాను. ప్రతి బెల్టుకూ పాదాలు పెట్టుకునే ఉచ్చు ఒకటి కుట్టిస్తున్నాను.

ఇవాళ్టి నుంచి నంబర్లు. ఊళ్ళన్నీ పెట్టెలోంచి తీసేశాను. మొగలిమెరక చెప్పే వీరన్న బతిమాలాడు.

"ఇరవై ఒక్క ఊళ్ళకు ఏ గొడవా లేదు గదండి. ఆ ఒక్కటీ తీసేసి మాయి మాకు ఉంచండి."

"రేపు మీ ఊరి మనిషి ఇంకొకరు పనిలోకి వస్తే?"

"ఎవరొత్తారండి, ఉన్నోణ్ణి నేనొక్కణ్ణే."

వద్దన్నాను. ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలి. ఆ దారి ఎటు వెళ్తుందో నిన్న చూశాం. వీరన్న నాతో మాట్లాడకుండా ఎక్కాడు. గంట కొట్టింది. ఒకటి, రెండు, మూడు అని పలికారు. ఎవరూ తడబడలేదు. పదకొండు కూడా పలికింది. ఆ నంబరు ధనానిది.

118వ రోజు. సెలవు.

అమ్మిరాజు బాబాయ్‌ని చూడడానికి కాలనీ ఆసుపత్రికి వెళ్ళాను. ఎడమ కాలు మోకాలి కింద ఇంకా మొద్దుబారే ఉంది. మళ్ళీ ఎక్కడం కుదరదన్నారు డాక్టరు. మంచం మీద కూర్చుని వల తాడు పేనుతున్నాడు. పక్క మంచం వాళ్ళకు కూడా పని చెప్తున్నాడు.

"ఇప్పుడేమని పలుకుతున్నారే?"

"నంబర్లు."

"నాదెంతయ్యేది?"

"పదకొండు. ధనానికిచ్చాను."

తల ఊపాడు. 

"ఆ పిల్లతో చెప్పు. ఊరు దానిదేనని. నేను నడిమిలంకోణ్ణి కాదు."

బల్ల మంచం దగ్గరికి లాక్కున్నాను.

"మాది పొన్నచెట్లపాలెం. మా బావమరిది ముందు నిలబడి చెప్పేశాడుగా. నా వంతొచ్చేసరికి పెట్టె పట్టలేదు. ఏ ఊరు చెప్పాలా అని చూస్తే, నీ గుర్తింపు కార్డు మీద కనపడింది. సొంతూరు నడిమిలంక అని. అదే అనేశాను."

"నా ఊరెందుకు బాబాయ్?"

"మరి ఎవరంటారే? నువ్వు పిలిచేదానివి. పలికేదానివి కాదు గదా."

కిటికీలోంచి టవరు కనపడుతోంది. మంచె దాదాపు కొసకు చేరింది. ధనం వచ్చినప్పుడే వదులుకోవచ్చు కదా అని అడిగాను.

"వదులుదామనే అనుకున్నా. రోజుకు ముప్పైసార్లు అన్నాక మనదే అనిపించేస్తది. ఆ పిల్ల తోటలూ చెట్లూ అంటుంటే, నాకూ అక్కడ ఉన్నట్టే ఉండేది." తాడు కొస పళ్ళతో బిగించాడు. "నా ఇరవై తొమ్మిదో ఏట పాలెం పోయింది. నువ్వు లంకలో ఏదన్నా చూశావా, గుర్తుందా?"

రేవు గుర్తుందని చెప్పాను. పడవవాడి సంగతి చెప్పలేదు. చెబితే ఆయన మళ్ళీ ఆ మాట అంటాడు. నంబర్లు నేనే పెట్టాను.

వచ్చేటప్పుడు, బెల్టులకు ఉచ్చులు కుట్టిస్తున్నామని, తాటినార దొరక్క నైలానుతో చేస్తున్నామని చెప్పాను. నైలాను జారుతుంది, లోపల గుడ్డ చుట్టమన్నాడు. రాసుకున్నాను.

131వ రోజు. పొద్దున్న మంచు. పదింటికి విడిపోయింది.

టవరు అరవై నిలువులూ పూర్తయింది. నాలుగు వలలూ బిగిశాయి. కొస మీది బోల్టులు తనిఖీ చేసి సంతకం పెట్టాల్సింది నేను. అందుకని ఇవాళ మొదటిసారి నేను పైకి ఎక్కాను. నా కుర్చీలో ధనాన్ని కూర్చోబెట్టాను. గంట కొడితే ఏం చేయాలో చెప్పబోతే, "నెల రోజుల్నించీ నేను వింటున్నదే గదా పిన్నీ" అంది. నన్ను కూడా పెట్టెలో ఎక్కించింది. ఇరవై మూడు.

ఎక్కేటప్పుడు పద్ధతి తప్పలేదు. ఒకటి తగిలించాక రెండోది. నలభయ్యో నిలువు దగ్గర మోకాలు పట్టేస్తే వీరన్న పక్కకు జరిగి కూర్చునే చోటిచ్చాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

కొస మీద గాలి ఎక్కువ. మంచు కిందికి దిగిపోయి, తూర్పున నేల కొస దాకా కనపడుతోంది. నేల అయిపోయిన చోట నీళ్ళు. రేకు పరిచినట్టు ఉన్నాయి. చాలాసేపు చూశాను. ఏ ఊరు ఎక్కడ ఉండేదో పోల్చుకోవడానికి ఒక చెట్టు కొస కూడా లేదు. ఎటు చూసినా ఒకటే.

గంట కొట్టింది. ఒకటి నుంచి పలకడం మొదలైంది. పదకొండు మాత్రం ఇవాళ కింద కుర్చీలో ఉంది. కింద కుర్చీలో ఉన్నప్పుడు అన్నీ ఒకేలా వినపడేవి. ఇక్కడ పక్కనే నిలబడిన మనిషి నోటి నుంచి వస్తుంటే ఒక్కొక్కటీ ఒక్కో గొంతు. ఇరవై రెండు అయింది. తర్వాత నేను. వేలు బిళ్ళ మీద ఉంది. నీళ్ళ వైపే చూస్తున్నాను.

"ఇరవై మూడు?" అంది ధనం బిళ్ళలో. కాస్త ఆగి, "పిన్నీ, పలకండి. వినకుండా టిక్కు పెట్టను" అంది.

"ఇరవై మూడు" అన్నాను.

"ఆయ్" అంది.

బిళ్ళ మీది నుంచి వేలు తీసేశాను. మాట వెళ్తున్నంతసేపూ దాని మీద వెలిగే ఎర్ర దీపం ఆరిపోయిందో లేదో చూసుకున్నాను. అప్పుడు నీళ్ళ వైపు తిరిగి ఊరు పేరు ఒకసారి అన్నాను. గట్టిగానే అన్నాను. అది ఏ లెక్కలోకీ రాదు.

వీరన్న ఇటు చూడలేదు.

తర్వాత బోల్టులు చూశాను. మొత్తం నలభై ఎనిమిది. ఉత్తరం పక్క ఒకటి చుట్టున్నర వదులుగా ఉంటే బిగించాను.